లోపల్నుంచి తవ్వేస్తోంది

ఆశ్వయుజ శుద్ధ ద్వాదశి
పద్నాలుగో రాయి దగ్గర ఊట గంటకు నలభై లీటర్లు. నీరు తేట.

ఈ పుస్తకంలో ఆటుపోట్లు, ఊట, గాలి తప్ప మరేమీ రాయకూడదని మొదటి పేజీలో అచ్చువేసి ఉంది. తొమ్మిదేళ్ళు ఆ మాట మన్నించాను. ఇక మన్నించను. నచ్చనివాళ్ళు పేజీలు చింపుకోవచ్చు.

నా పేరు మంగతాయారు. కరకట్ట మీద లస్కరుని. సముద్రం వైపు నుంచి కట్టలోకి ఎంత నీరు ఊరుతోందో కొలిచి రాయడం, బలహీనపడిన చోట మట్టి సంచులు వేయడం నా పని. నాకు జోడీ నూకరాజన్న. అతనిది రేవు వార్డు, నాది తోట వార్డు. వాళ్ళ లంక మునిగిపోయి ముప్పై ఏళ్ళ క్రితం వచ్చి మా పక్కన సర్దుకున్నవాళ్ళు రేవు వార్డు జనం. ముప్పై ఏళ్ళయినా మావాళ్ళ నోట్లో వాళ్ళు ఇంకా 'వచ్చినవాళ్ళే'.

ఈ రోజు ఇద్దరం కలిసి, కట్ట మీద దూరం గుర్తుకు పాతిన పద్నాలుగో రాయి దగ్గర అరవై సంచులు వేశాం. సాయంత్రం, నేనుండే మా అక్క ఇంట్లో, ఆమె కందిపప్పు ఏరుతుంటే పలుకు వార్తలు మొదలుపెట్టింది. ప్రతి ఇంటి గోడకూ ఒక పలుకు ఉంటుంది. ఎవరింట్లో ఉంటే వాళ్ళకు నచ్చే గొంతుతో, వాళ్ళ యాసలో మాట్లాడుతుంది. అక్క ఇంట్లో అయితే పోయిన మా మేనత్త కూర్చుని చెబుతున్నట్టే ఉంటుంది.

కట్ట పద్నాలుగో రాయి వద్ద రేవు వార్డు వ్యక్తి అనుమానాస్పదంగా తిరుగుతూ కనిపించాడని మేనత్త గొంతు చెప్పింది.

"నువ్వూ అక్కడే కదే, చూశావా వాణ్ణి?" అంది మాణిక్యం అక్క.

"చూడ్డమేంటి, వాడితో కలిసే సంచులు మోశాను. నూకరాజన్న అతను."

అక్క చేట ఆపి ఆలోచించింది. "అతను కాదులే. అతనైతే పేరు చెప్పేది కదా" అంది.

ఆశ్వయుజ పౌర్ణమి
ఊట అరవై అయిదు. నీరు రంగు మారింది.

ఊట ఎక్కువైతే భయపడక్కర్లేదు. తేటగా ఉన్నంతకాలం అది వట్టి నీరు. బురదగా వస్తే మాత్రం, వచ్చేటప్పుడు కట్ట కడుపులోని మట్టిని కూడా తెస్తోందని అర్థం. లోపల బొరియ పెరుగుతుంది. పైకి కట్ట గట్టిగానే కనిపిస్తుంది. సీసాలో పట్టి ఇంజనీరు గారికి పంపాను. 'గమనించాం' అని జవాబు వచ్చింది.

మధ్యాహ్నం అన్నానికి నూకరాజన్న వాళ్ళింటికి తీసుకెళ్ళాడు. అతని భార్య పోలమ్మ వదిన చేపల పులుసు వడ్డిస్తుండగా వాళ్ళ గోడ మీది పలుకు ఆ వార్డు యాసలో వార్తలు చెప్పింది. రెండు వార్డుల మధ్యనున్న నడుమ లాకును మూసేయాలని తోట వార్డు పట్టుబడుతోందట. ఆ లాకు మూస్తే రేవు పడవలకు దారి ఉండదు. మా మురుగు నీటికీ దారి ఉండదు. అలాంటి మాట మా వార్డులో నేనెక్కడా వినలేదు. ఆ మాటే చెప్పాను.

వదిన గరిటె గిన్నెలోనే ఉంచేసింది. "మరి దానికేటి పని, అబద్దం చెప్పడానికి?"

నూకరాజన్న తల ఎత్తకుండా అన్నం కలుపుకున్నాడు. ఆమె రెండోసారి పులుసు వెయ్యలేదు.

తిరిగొచ్చేసరికి మా వీధి మొదట్లో నలుగురు నిలబడి లాకు సంగతే మాట్లాడుకుంటున్నారు. మా పలుకు ఉదయం 'లాకు మూయాలన్న కోరిక జనంలో పెరుగుతోంది' అని చెప్పిందట. ఎవరి కోరికో ఎవరికీ తెలీదు. అందరూ పక్కవాడిదనుకున్నారు. తరవాత తమదే అనుకున్నారు.

ఆశ్వయుజ బహుళ తదియ
ఊట తొంభై. బురద.

సెలవు పెట్టి పలుకు కార్యాలయానికి వెళ్ళాను. వార్తల అధికారి త్రివిక్రమరావు నా ఈడు మనిషే. మర్యాదస్తుడు. మంచినీళ్ళు తెప్పించాడు. ఈ కొలతల పుస్తకం ముందు పెట్టి, ఉన్నదున్నట్టు చెప్పండి చాలని అడిగాను.

"చెప్పాం కదండీ. మొన్న ఊట గురించే చెప్పాం" అని ఒక గీతల పటం తెరిచి చూపించాడు. గీత మొదట్లోనే కిందికి పడిపోయింది. వందలో ఎనభై ఇళ్ళు మొదటి వాక్యం దగ్గరే వార్త ఆపించేశాయట. పక్కన ఇంకో గీత ఉంది, చివరిదాకా పైకే పోయింది. అది అనుమానాస్పద సంచారం వార్త.

"అది అబద్ధం" అన్నాను.

"ఎవరో ఒకరికి అనుమానం వచ్చిందండీ. వచ్చిందనే చెప్పాం. అందులో అబద్ధమెక్కడుంది?"

రేవు వార్డుకి ఒకటి, మాకొకటి ఎందుకు చెబుతున్నారని అడిగాను. ఎవరికి కావలసింది వాళ్ళకు వండి పెట్టకపోతే తినరు కదా అన్నాడు. అతను నవ్వలేదు. నిజంగానే అలా నమ్ముతున్నాడు. అది చూశాక నాకు ఒళ్ళు మండింది. అరిచాను. ఏమని అరిచానో ఉన్నదున్నట్టు రాస్తున్నాను, తరవాత ఎవరూ మార్చకుండా.

"కట్టని లోపల్నుంచి తవ్వేస్తోంది. మీకు అర్థమవుతోందా? లోపల్నుంచి తవ్వేస్తోంది."

"ఇది వింటారండీ" అన్నాడు త్రివిక్రమరావు. "ఈ మాట వేస్తాను." నేను అతనికి దణ్ణం పెట్టి మరీ బయటికొచ్చాను.

ఆశ్వయుజ బహుళ పంచమి
ఊట నూట పది. బురద.

పొద్దున్న మేనత్త గొంతు నా పేరుతోనే మొదలుపెట్టింది. 'కట్టను లోపల్నుంచి తవ్వేస్తున్నారు: తోట వార్డు లస్కరు మంగతాయారు ఆవేదన.'

తవ్వేస్తోంది. తవ్వేస్తున్నారు. మాట తోక మారింది, అంతే. నీళ్ళు పోయి మనుషులొచ్చారు. ఏ మనుషులో పలుకు చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం కూడా లేదు, వారం రోజులుగా చెబుతూనే ఉంది.

త్రివిక్రమరావుకి ఫోను చేశాను. తను మార్చలేదన్నాడు. నీళ్ళు తవ్వడమేమిటని యంత్రం వాక్యం సరిచేసి ఉంటుందట. సవరణ వెయ్యమన్నాను. వేశాడు. సాయంత్రం వార్తల చివర, వాతావరణం తరవాత, సగం వాక్యం.

అప్పటికే పక్కింటివాళ్ళు మినపసున్ని తెచ్చి అక్క చేతిలో పెట్టి వెళ్ళారు. మీ చెల్లెలు ధైర్యస్తురాలన్నారట. నేను అన్నది నీళ్ళ గురించని వాళ్ళ గుమ్మంలోకి వెళ్ళి చెప్పాను. వాళ్ళు నా వైపు జాలిగా చూశారు. రేవువాళ్ళు బెదిరించి ఉంటారమ్మా, మాకు తెలుసు అన్నారు.

మా బావ ఆ పూట త్వరగా అన్నం తినేశాడు. తిన్నాక పెరట్లోకి వెళ్ళి గునపం కడిగాడు. తోట పని కోసమే అనుకున్నాను.

ఆశ్వయుజ బహుళ షష్ఠి
ఊట కొలవలేదు.

పదిమంది వచ్చారు, ఉదయం తొమ్మిది గంటలకు. ముందు నడిచింది మా బావ. నూకరాజన్న ఊట దగ్గర మోకాళ్ళ మీద వంగి, మట్టి కొట్టుకుపోకుండా పరిచిన ఇసుక వడపోత సరిచేస్తున్నాడు. చేతిలో పార ఉంది. కట్ట దగ్గర, పారతో, వంగి. వాళ్ళకు ఇంకేం కావాలి?

నేను మధ్యకు వెళ్ళాను. నేను చెప్పింది నీళ్ళ గురించి అని అరిచాను. నా మాటే కదా మీరు విన్నది, నేనే చెబుతున్నాను అన్నాను. ఎవరో నా భుజాలు పట్టుకుని మెల్లగా, ఎంతో మర్యాదగా పక్కకు జరిపారు. "మీకేం భయం లేదమ్మా, మేమున్నాం" అన్నాడు ఆ మనిషి.

గునపంతో కుడి చెయ్యి విరగ్గొట్టారు. ఎముక చప్పుడు విన్నాను. అన్న అరవలేదు. లేచి, ఎడమ చేత్తో కుడి చెయ్యి పట్టుకుని, కట్ట మీదుగా రేవు వైపు నడిచి వెళ్ళిపోయాడు. వెళ్తూ నా వైపు ఒకసారి చూశాడు. తిట్టినా బాగుండేది.

ఈ రోజు నుంచి రేవువాళ్ళెవరూ కట్ట ఎక్కకూడదని ఇంజనీరు గారి ఆర్డరు. శాంతి కోసమట.

ఆశ్వయుజ బహుళ దశమి
ఊట నూట అరవై. నీరు కాదు, చిక్కటి గంజి.

నిన్న ఓటు జరిగింది. నడుమ లాకు మూద్దామా అని పలుకే అడిగింది, ఇంటింటా పలుకుకే జవాబు చెప్పారు. మా వార్డులో పదింట తొమ్మిదిళ్ళు సరే అన్నాయి. అక్క ఇంట్లో బావ చెప్పాడు. నా ఓటు చెబితే, ఈ ఇంటి ఓటు అయిపోయిందని జవాబొచ్చింది. లాకు మూసి గొలుసు వేశారు.

లాకు మూస్తే రేపు మన వార్డులో చేరిన నీరు ఎటు పోతుందని అక్కని అడిగాను. "నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తాయే? వాళ్ళే కదా రావాల్సింది" అంది.

పద్నాలుగో రాయి దగ్గర ఇప్పుడు కాపలా ఉంది. ఇరవైమంది కర్రలు పట్టుకుని పగలంతా కూర్చుంటున్నారు. ముఖాలు రేవు వైపు, వీపులు కట్ట వైపు. నేను ఒంటరిగా నింపి తెచ్చిన మట్టి సంచులు వాళ్ళకు కూర్చోడానికి బాగున్నాయి. లేవమంటే లేచి, నేను ఒక సంచి వేసి వచ్చేలోపు ఇంకో సంచి మీద కూర్చుంటారు. ఒక చెయ్యి వెయ్యండి అన్నాను. మేం కాపలాకి వచ్చామండీ అన్నారు.

నరక చతుర్దశి
ఊట కొలిచే గిన్నె నిమిషంలో నిండిపోతోంది.

వాయుగుండం తీరం వైపు వస్తోంది. రేపు అమావాస్య పోటు. రెండూ కలిస్తే నీరు ఎంత లేస్తుందో లెక్క వేసి ఇంజనీరు గారికి, వార్డు పెద్దలకు, త్రివిక్రమరావుకి పంపాను. రెండొందల మంది కావాలి, లేదా తోట వార్డు ఖాళీ చేయించాలి అని రాశాను. మేనత్త గొంతు వాయుగుండం సంగతి చెప్పింది. చెప్పేసరికి అక్క వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మా వీధి చివర నరకాసురుడి బొమ్మ చేశారు. దానికి లస్కర్ల ఖాకీ చొక్కా తొడిగారు. కుడి చెయ్యి విరిచి వేలాడదీశారు. ఆడవాళ్ళు, చదువుకున్నవాళ్ళు, చిన్నప్పుడు నాకు లెక్కలు చెప్పిన పంతులు గారు, అందరూ చుట్టూ నిలబడి నవ్వుతున్నారు. నేను బొమ్మ లాగి చొక్కా చింపేశాను. ఎవరూ నన్ను కొట్టలేదు. దారి ఇచ్చి, నేను వెళ్ళాక దానికి ఇంకో చొక్కా తొడిగారు.

ఆశ్వయుజ అమావాస్య
గండి.

ఈ రోజే రాయాలి.

పగలు పదకొండున్నరకి పద్నాలుగో రాయి దగ్గర కట్ట కూర్చుండిపోయింది. పడిపోలేదు, అలసిన మనిషి కూర్చున్నట్టు కిందికి దిగిపోయింది. కాపలావాళ్ళు కర్రలు పారేసి పరుగెత్తారు. ముందే చెప్పిన లెక్క ప్రకారమే వచ్చింది నీరు. అరగంటలో వీధుల్లో నడుంలోతు, గంటలో తలలోతు. నడుమ లాకు మూసి ఉంది కాబట్టి పోయే దారి లేదు.

నేను కట్ట మీదుగా లాకు దగ్గరికి పరుగెత్తాను. సుత్తితో గొలుసు తాళం కొడుతుంటే అవతల నుంచి కూడా ఎవరో కొడుతున్న చప్పుడు వినిపించింది. నూకరాజన్న గొంతు. ఎడమ చేత్తో కొడుతున్నాడు. వెనక పోలమ్మ వదిన, ఇంకా చాలామంది ఉన్నారు. రెండు వైపుల నుంచీ చక్రం తిప్పాం. సగం తలుపు లేచింది. ఎనిమిది పడవలు లోపలికొచ్చాయి. నేను అన్న పడవలో దూకాను.

మొదటి డాబా మీంచి ఇటుక పడింది. రెండో డాబా వాళ్ళు నిచ్చెన పైకి లాగేసుకున్నారు. చేతిలో పట్టుకునే చిన్న పలుకులు డాబాల మీద ఇంకా మాట్లాడుతూనే ఉన్నాయి. ఒక్కో డాబా మీద ఒక్కో గొంతు, మాట మాత్రం ఒకటే: రేవు పడవలు తోట వార్డులోకి చొరబడుతున్నాయి, ఎవరూ పడవ ఎక్కవద్దు.

చంటిబిడ్డతో ఉన్న వనజాక్షి అనే అమ్మాయి ఎవరినీ అడగలేదు. ముందు బిడ్డను పోలమ్మ వదిన పడవలోకి అందించింది, తరవాత తనూ దూకింది. ఆమెను చూసి ఆ డాబా అంతా దిగింది. అలా కొందరు. ఎక్కువమంది దిగలేదు. మూడు డాబాలు మేం చూస్తుండగానే మనుషులతో కూలిపోయాయి.

అక్క ఇంటి దగ్గరికి వెళ్ళేసరికి నీరు పిట్టగోడను తాకుతోంది. అక్కా, రా అన్నాను. అక్క ఏడుస్తోంది. "నువ్వే దిగి ఇటు రావే తాయారూ. వాళ్ళతో ఎందుకున్నావు?"

"ఈ ఇల్లు నిలవదు. చెయ్యి ఇవ్వు."

అక్క ఒక అడుగు ముందుకేసింది. నూకరాజన్న పడవ అంచు మీద నిలబడి బాగున్న చెయ్యి చాపాడు. "రండమ్మా, నేనేం చెయ్యను" అన్నాడు. అక్క అతని చెయ్యి పట్టుకుంది. బావ వెనక నుంచి బట్టల గెడతో అన్న తల మీద కొట్టాడు. అన్న నీళ్ళలో పడ్డాడు. కట్టు కట్టిన చేత్తో ఈదలేకపోయాడు. నేను దూకాను, ఖాకీ చొక్కా అంచు చేతికి తగిలింది, జారిపోయింది.

పడవలో మిగిలినవాళ్ళు నన్ను పైకి లాగారు. తరవాత అక్కనీ, బావనీ కూడా ఎక్కించారు. ఎందుకు ఎక్కించారో నేను అడగలేదు. నేనైతే ఎక్కించేదాన్ని కాదు.

కార్తీక శుద్ధ విదియ
కొలత లేదు. కొలవడానికి అక్కడ కట్ట లేదు.

తోట వార్డులో పోయినవాళ్ళు నలభై ముగ్గురు. రేవు వార్డులో ఒక్కడు. అతని శవం నిన్న మధ్యాహ్నం లాకు తలుపు దగ్గర దొరికింది. పోలమ్మ వదిన ఎదుటికి వెళ్ళాను. నా ముఖం మీద తలుపు వేసింది.

మా వార్డువాళ్ళం రేవులో వలలు ఆరబెట్టే పాకల్లో ఉంటున్నాం. వాళ్ళు పోసిన గంజి తాగుతున్నాం. మొన్న పాకలో అక్క నా ఒళ్ళో తల పెట్టి ఏడ్చింది. "మీ బావే కొట్టాడే. అతను నా చెయ్యి పట్టుకునే ఉన్నాడు. నేను చూశాను" అంది. బావ గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

నిన్న పాకల్లో కొత్త పలుకులు బిగించారు. ధైర్యం చెప్పడానికట.

కార్తీక శుద్ధ షష్ఠి
విచారణ అధికారి వచ్చారు. వలల పాకలోనే బల్ల వేసి వాంగ్మూలాలు తీసుకున్నారు.

నాలుగు రోజులుగా పలుకు మా పాకల్లో ఒకటి చెబుతోంది, పక్కనున్న రేవు ఇళ్ళలో ఒకటి చెబుతోంది. మాకు: చొరబాటుదారుడితో పెనుగులాట, ఆత్మరక్షణ. వాళ్ళకు: కాపాడటానికి వెళ్ళినవాణ్ణి పొట్టన పెట్టుకున్న తోట వార్డు. రెండోది నిజమేగా అని మీరనవచ్చు. వార్డు చంపలేదు. నరసింహమూర్తి అనే మనిషి చంపాడు. అతను మా బావ. ఆ పేరు ఏ పలుకూ చెప్పలేదు. పేరు చెబితే ఒక్కడి మీద కోపం వస్తుంది. వార్డంటే అందరి మీదా వస్తుంది, రేపు కూడా వింటారు.

నేను చూసింది చూసినట్టు చెప్పాను. తరవాత అక్కని పిలిచారు.

"అతను నన్ను నీళ్ళలోకి లాగాడండి" అంది అక్క. "మా ఆయన నన్ను విడిపించారు."

తడబడలేదు. అబద్ధం చెబితే అక్క చెవులు ఎర్రబడతాయి, నాకు పుట్టినప్పటి నుంచి తెలుసు. ఎర్రబడలేదు. అక్కకి ఇప్పుడు అదే గుర్తుంది. బయటికొచ్చాక, ఆ రోజు నా ఒళ్ళో పడుకుని ఏమన్నావో గుర్తుచేశాను. నేను అలా అనలేదు అంది. నువ్వు వాళ్ళ పక్షాన చేరి నా కాపురం కూలుస్తున్నావు అంది. పాకలో నా చాప తీసి బయట పెట్టారు. పక్కింటివాళ్ళు చూస్తూ ఊరుకున్నారు. మినపసున్ని తెచ్చినవాళ్ళే.

రేవులో అడిగాను, ఎక్కడైనా తలదాచుకోనిస్తారా అని. నా మాట వల్లే మనిషి పోయాడని వాళ్ళ పలుకు చెప్పిందట. ఇది మాత్రం ముప్పాతిక నిజం. వాదించలేదు. లాకు గదిలో ఉంటున్నాను.

కార్తీక శుద్ధ దశమి
గాలి తూర్పు. పౌర్ణమి పోటుకి అయిదు రోజులుంది.

గండి ఇంకా తెరిచే ఉంది. పౌర్ణమి పోటు దానిలోంచి వస్తే ఈసారి తోటే కాదు, రేవు కూడా మునుగుతుంది. నాలుగు వేల సంచులు కావాలి. పొద్దున్న పాకల మధ్య నిలబడి చెప్పాను. గండి ఎవరి వల్ల పడిందో నన్ను అడగొద్దు, సంచులు నింపడానికి మనుషులు కావాలి అన్నాను. తోటవాళ్ళు రేవువాళ్ళ వైపు చూశారు. రేవువాళ్ళు నా వైపు చూశారు. ఎవరూ లేవలేదు. ఒకడు నా మీద ఉమ్మేశాడు, ఏ వార్డువాడో చూడలేదు.

ఒక్కదాన్నే మట్టిదిబ్బ దగ్గరికి వెళ్ళి మొదలుపెట్టాను. ఒక చేత్తో సంచి తెరిచి ఇంకో చేత్తో పార ఎత్తితే సగం మట్టి బయటే పడుతుంది. గంటకు తొమ్మిది సంచులు. నాలుగు వేలకి ఎన్ని గంటలో లెక్క వెయ్యడం మానేశాను.

ఎండ నెత్తి మీదికొచ్చాక నా ముందు నీడ పడింది. పోలమ్మ వదిన. చేతిలో పార. నుదుట బొట్టు లేదు. నా ముఖం వైపు చూడకుండా దిబ్బ పక్కన నిలబడి చీర కుచ్చిళ్ళు ఎగదోపింది. నేను ఏదో అనబోయాను. ఎనిమిది రోజులుగా కూడబెట్టుకున్న మాటలన్నీ నోట్లోకి వచ్చేశాయి.

"నాతో మాటాడకు" అంది వదిన. "సంచి మూతి పట్టుకో."

పట్టుకున్నాను.